ఉద్యోగము విడిచి వెండితెరను వరించిన మహానటుడు: శ్రీ ఎస్. వి. రంగారావు

తెలుగు నేలకు వేయి కిలోమీటర్లకు మించిన దూరమున, నలుదిక్కుల సముద్రము చుట్టుకొనియున్న ఈ దక్షిణ అండమాను దీవిలో, గరాచర్మ పరిసరములందు కాపురముండు మనకు నాటకమన్నను, చలనచిత్రమన్నను ఒక ప్రత్యేకమైన మమకారము కలదు. సంవత్సరమున కొకటి రెండు మారులు మాత్రమే ఓడనెక్కి విశాఖపట్టణము రేవున దిగగల మనవారికి, తక్కిన దినములలో స్వభాషను చెవినిండ వినిపించునవి ఇవియే. ఉగాదికో సంక్రాంతికో కార్యాలయపు పని ముగిసిన పిమ్మట మనమే వేషములు ధరించి, మనమే తెరలు కట్టుకొని, మనవారి యెదుట ఒక నాటికను ప్రదర్శించుట మన ముచ్చటలలో ఒకటి.

అట్టి ప్రదర్శన నొకదానిని మన పిల్లలు సెల్‌ఫోనులో చిత్రించి మరునాడు మాకు చూపిరి. ముందటి రాత్రి చివరి వరుస వరకు చప్పట్లు మ్రోగించిన నటుడు ఆ చిన్న తెరపై ఊరక కేకలు వేయుచున్నట్లును, కనుబొమలు అకారణముగ ఎగురవేయుచున్నట్లును కనుపించెను. ఆ నటుడను నేనేయని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. రంగస్థలముపై మెప్పు పొందిన అభినయము కెమెరా యెదుట ఏల తేలిపోవును? కెమెరా ముందు నిలుచువాడు వేరుగ నేర్వవలసిన పని ఏమైన కలదా? ఈ ప్రశ్న నన్ను కొన్ని దినములు వదలలేదు. దీనికి సమాధానము పుస్తకములలో కంటె ఒక మహానటుని జీవితములో స్పష్టముగ దొరకునని నాకు తోచినది. ఆయన మన తాతతండ్రుల కాలమువాడు. ఒకప్పుడు మనవలెనే హాజరుపట్టీలో సంతకము చేసి, నెల జీతము తీసికొనిన ఉద్యోగి. తరువాత ఆ భద్రతను వదలుకొని, ఓడిపోయి, తిరిగి మరియొక ఉద్యోగములో చేరి, దానిని కూడ విడిచి, ఎట్టకేలకు వెండితెరపై ధ్రువనక్షత్రమై నిలిచినవాడు. ఆయనయే శ్రీ ఎస్. వి. రంగారావుగారు.

సామర్ల వెంకట రంగారావుగారు 1918వ సంవత్సరము జూలై 3వ తేదీన కృష్ణాజిల్లా నూజివీడులో జన్మించిరి. తల్లి లక్ష్మీనరసాయమ్మగారు, తండ్రి కోటేశ్వరరావుగారు. తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి కావుటచే తరచు బదిలీలు కలుగుచుండెడివి. బదిలీ ఉత్తరువు వచ్చిన దినమున సామానులతోపాటు పిల్లల చదువును కూడ మూటకట్టవలసి వచ్చు ఇబ్బంది మనకు క్రొత్తగాదు. కావుననే బాలుడు నాయనమ్మ గంగారత్నమ్మగారి యొద్ద పెరిగెను. తాతగారి మరణానంతరము ఆమె మనుమలను వెంటబెట్టుకొని మద్రాసు చేరినది. అచ్చట తిరువళ్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలలో చదువుకొనుచు, పదునైదేండ్ల ప్రాయమున రంగారావుగారు తొలిసారి నాటకములో వేషము ధరించిరి. ఆ మద్రాసు బాల్యము ఆయనకు అరవభాషను కూడ సన్నిహితము చేసెను. అది మున్ముందు ఎంతటి సంపద కాగలదో ఆనాడు ఎవ్వరెరుగుదురు!

తరువాత ఏలూరు చేరిరి. ఆ దినములలో ఆంధ్రదేశమున నాటకమన్న పద్యముల రాగవిస్తారమే అను అభిప్రాయము ప్రబలియుండెను. దానికి భిన్నముగ, మాటను మాటగ పలికి, పాత్ర యొక్క మనస్సును ముఖమున చూపవలెనని పట్టుపట్టిన నటుడు బళ్లారి రాఘవాచార్యులుగారు. ఆయన అభినయమును, గోవిందరాజుల సుబ్బారావుగారి అభినయమును చూచిన యువకుడైన రంగారావుగారికి తన మార్గమేదో తెలిసివచ్చినది. విశాఖపట్టణము ఎ. వి. ఎన్. కళాశాలలో ఇంటర్మీడియటు ముగించి, కాకినాడలో బి. ఎస్సీ. పట్టమునకు చదివిరి. కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాభిమానులకు ఆనాడొక పుట్టినిల్లు. తదుపరి చలనచిత్రరంగమున పేరుగాంచిన అంజలీదేవి, సంగీతదర్శకుడు ఆదినారాయణరావు మున్నగువారు ఆ సమాజమునకు సంబంధించినవారే. అచ్చట పీష్వా నారాయణరావు వధ అను నాటకములో, ఇరువదిరెండేండ్ల వయస్సున, అరువది యేండ్ల వృద్ధుని పాత్రను రంగారావుగారు ధరించిరి. యౌవనమున వార్ధక్యమును మోయుట ఆయన వృత్తికి పునాదిరాయి వంటిది. వెండితెరపై ముప్పదియైదేండ్లు నిండీ నిండక మునుపే పెద్దలకు, జమీందారులకు, తండ్రులకు ఆయన రూపమిచ్చిరి.

పట్టము చేతికి వచ్చిన పిమ్మట ఉద్యోగము వెదకుకొనవలసి వచ్చినది. చదివించిన పెద్దలు కోరునది అదియే గదా. రంగారావుగారు అగ్నిమాపక శాఖలో అధికారి పదవికి ఎంపికయై, శిక్షణ పొంది, బందరులోను విజయనగరములోను పనిచేసిరి. ఈ ఘట్టమును ఆయన జీవితకథకులు ఒకటి రెండు వాక్యములలో దాటిపోవుదురు. నాకు మాత్రము ఇది చిన్న విషయముగ తోచదు. అగ్నిమాపక కేంద్రమున పని అనగా ముఖ్యముగ నిరీక్షణ. గంట మ్రోగువరకు కూర్చుండవలెను. మ్రోగిన మరుక్షణమున ఒక్క అడుగు తప్పకుండ, ఎవ్వరి స్థానమున వారు, ఎవ్వరి పనిముట్టుతో వారు నిలువవలెను. చలనచిత్రపు సెట్టుపై పని కూడ అట్టిదే. దీపములు అమర్చువరకు గంటల కొలది నిరీక్షణ. కెమెరా తిరుగనారంభించిన పిదప కొన్ని క్షణముల కార్యము. ఆ క్షణములకై శక్తిని వృథాపుచ్చక కాచుకొనియుండుటయే తెరనటుని మొదటి విద్య.

ఆయన బంధువు, దర్శకుడు బి. వి. రామానందంగారు వరూధిని అను చిత్రమును నిర్మింప సంకల్పించి కథానాయకుని వేషమునకు ఆయనను పిలిచిరి. స్థిరమైన ఉద్యోగము ఒకవైపు, మనస్సు పిలుచుచున్న కళ మరియొకవైపు. ఈ త్రాసు యెదుట నిలువబడిన ఉద్యోగి మనలో ఎవ్వడు లేడు? అయితే మనలో పెక్కురము మొదటి తట్టవైపే మొగ్గుదుము. రంగారావుగారు రాజీనామా ఇచ్చి సేలము వైపునకు, చిత్రపరిశ్రమలోనికి సాగిపోయిరి. చిత్రము 1947 నాటికి ప్రేక్షకుల ముందుకు వచ్చి, ఆదరణ లేక వెనుకకు మరలినది. నాయకునికి పేరు రాలేదు, మరియొక అవకాశమును రాలేదు. విడిచిన ఉద్యోగము తిరిగి దక్కునది కాదు.

అప్పుడాయన చేసిన పని మెచ్చదగినది. అదృష్టమును నిందించుచు మద్రాసు వీధులలో కాలము గడపక, జంషెడ్‌పూరునకు పోయి టాటా సంస్థలో ఉద్యోగమున చేరిరి. 1947 డిసెంబరులో లీలావతిగారిని వివాహమాడిరి. స్వభాష వినబడని దూరదేశమున, పగలు లెక్కల కాగితములు, సాయంకాలము తోటి ఆంధ్రులతో నాటకములు: ఇదియే ఆనాటి ఆయన జీవితము. గరాచర్మలోని మనకు ఈ చిత్రము అద్దములో చూచుకొన్నట్లు లేదా? ఓడిపోయి వచ్చినవాడైనను వేషము వేయుట మానలేదు. ఆ సాయంకాల నాటకములే లేకున్న ఆయనలోని నటుడు లెక్కల కట్టల క్రింద అణగిపోయెడివాడేమో!

కొంతకాలమునకు మద్రాసు నుండి మరల పిలుపు వచ్చినది. కాకినాడనాటి పరిచయస్థుడు బి. ఎ. సుబ్బారావుగారు పల్లెటూరి పిల్ల అను చిత్రమునకు దర్శకత్వము వహించుచు, అందలి ప్రతినాయకుని పాత్రకు ఆయనను తలచుకొనిరి. కాని విధి మరియొకవిధముగ నుండెను. ఆ సమయముననే తండ్రిగారు కాలధర్మము చెందిరి. పితృకర్మ ముగించుకొని మద్రాసు చేరునప్పటికి ఆ పాత్ర మరియొకరికి పోయినది. నిర్మాత కొరకు, సెట్టు కొరకు, దినదినము పెరుగు వ్యయము కొరకు చిత్రపరిశ్రమ ఎవ్వరి కన్నీటిని లెక్కపెట్టి ఆగదు. రంగారావుగారు ఆ చిత్రములోనే దొరకిన చిన్న వేషమును స్వీకరించిరి. 1949లో విడుదలయైన మన దేశములో కూడ ఆయనది స్వల్పమైన పాత్రయే. ఒకప్పుడు నాయకుడుగ నటించినవాడు చిన్న వేషమునకు దిగుట అవమానమని తలచియున్న, మన కథ ఇచ్చటనే ముగిసియుండెడిది.

1950లో విజయా వారి తొలి చిత్రమైన షావుకారు వెలువడినది. దర్శకులు ఎల్. వి. ప్రసాదుగారు. అందు షావుకారు చంగయ్యగ నటించినవారు గోవిందరాజుల సుబ్బారావుగారే. సున్నపు రంగడను రౌడీ వేషము రంగారావుగారిది. యౌవనమున ఎవ్వరి నటనను చూచి పరవశించెనో వారి సరసన ఒకే చిత్రమున నిలుచు భాగ్యము లభించినది. పాత్ర నిడివి స్వల్పము. అయినను సున్నపు రంగని నడక, తల వంచి చూచు చూపు, కండబలము చూపక చూపు బెదిరింపు ప్రేక్షకుల మనస్సున నిలిచిపోయినవి. చిన్న పాత్రలో అతిగా చేసి కన్నులలో పడవలెనని ఆశించుట క్రొత్త నటుని బలహీనత. తెరపై దాని ఫలము విపరీతము. మనుష్యుడు ఆ స్థలమునకు చెందినవాడుగ కనిపించిన చాలును; చూచువారు తమంతట తామే వానిని వెదకికొందురు.

ఆ మరుసటి సంవత్సరము, 1951 మార్చిలో, కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున పాతాళభైరవి వచ్చినది. నేపాళ మాంత్రికుని పాత్రతో రంగారావుగారి పేరు ఇంటింట మారుమ్రోగినది. 1952లో బొంబాయిలో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఆ చిత్రము ప్రదర్శింపబడినది. ఆ మాంత్రికుని గూర్చి ఒక్కమాట. గడ్డము, వంకర ముక్కు, విచిత్రమైన ఉడుపు: ఇన్ని ఆచ్ఛాదనల వెనుక నటుని ముఖములో చలించుటకు మిగులునది కన్నులు, కనుబొమలు, పెదవుల కొనలు మాత్రమే. క్రొత్తవాడు ఆ వేషభారమునకు లొంగి గొంతు పెంచును. రంగారావుగారు గొంతు తగ్గించిరి. మాటను విరిచి, నెమ్మదిగ, రుచి చూచుచున్నట్లు పలికిరి. నాటకశాలలో చివరి వరుసవానికి వినబడవలెనని గొంతెత్తుట ధర్మము. సెట్టుపై మైకు తలపైననే వ్రేలాడుచుండును. అచ్చట గొంతు ఎత్తవలసినది పాత్రకు అవసరమైనపుడే గాని, దూరమునకు భయపడి కాదు. నా నాటిక ఫోను తెరపై ఏల చెడెనో ఈ ఒక్క సూత్రము నాకు బోధించినది.

ఇచ్చట పాఠకుల సౌకర్యార్థము సెట్టుపై నటుని పని ఎట్టిదో కొంచెము వివరింతును. చిత్రకథ వరుసగ తీయబడదు. కథలో కడపటి దృశ్యము మొదటి దినమున తీయబడవచ్చును. ఒకే సంభాషణను దూరము నుండి ఒకసారి, నడుము వరకు ఒకసారి, ముఖము మాత్రమే కనుపించునట్లు ఒకసారి తీయుదురు. ఈ మూడింటిని తరువాత కత్తిరించి అతికింతురు. కావున ఏ మాట యొద్ద చేయి ఎత్తితినో, గద ఏ భుజముపై నుండెనో, ఎన్నవ అడుగున ఆగితినో నటుడు జ్ఞాపకముంచుకొనవలెను. లేనియెడల అతుకు కుదరదు. నేలపై సుద్దతో గుర్తుపెట్టిన చోటనే ఆగవలెను; ఆ గుర్తువైపు చూడరాదు. కెమెరామను సహాయకుడు టేపుతో కొలిచి కటకమును సరిచేసికొనునది ఆ గుర్తునకే. అంగుళములు తప్పిన ముఖము మసకబారును. దీపపు వెలుగు తన ముఖమున పడుచున్నదా, తన నీడ తోటి నటుని ముఖమును కప్పుచున్నదా అనునది చర్మముతోనే తెలిసికొనవలెను. ఎదుటివాడు సెట్టుపై లేకున్నను, కెమెరా ప్రక్కన చూపబడిన స్థలమున వానిని ఊహించి, అచ్చటనే చూపు నిలుపవలెను. ముఖము తెరనిండ కనిపించునపుడు కనురెప్ప కదలికయే ఒక వాక్యము. దూరపు దృశ్యమున దేహమంతయు కలిసి ఒక వాక్యము. ఏ కటకమునకు ఎంత అభినయమో ఎరిగినవాడే తెరనటుడు.

ఈ విద్యలన్నియు రంగారావుగారి చిత్రములలో పాఠములవలె పరచుకొని యున్నవి. 1955లో బి. ఎన్. రెడ్డిగారు తీసిన బంగారు పాప చూడుడు. ఇంగ్లీషు నవలాకర్త్రి జార్జి ఎలియటు రచించిన సైలస్ మార్నరు ఆధారముగ అల్లిన కథ యది. కోటయ్య అను మోటుమనిషి, లోకముపై కసి పెంచుకొనినవాడు, ఒక పసిపాప వలన తిరిగి మనుష్యుడగును. బిడ్డను ఎత్తుకొని నటించుట ఎంత కష్టమో సెట్టుపై నున్నవారికే తెలియును. పసివారు దర్శకుని మాట వినరు. దీపముల వేడికి ఏడ్చుదురు. గుర్తు తెలియదు, సంభాషణ తెలియదు. వారు ఏమి చేసిన దానికి తగినట్లు పెద్దనటుడే తన అభినయమును క్షణములో మార్చుకొనవలెను. బరువైన ఆ శరీరము పసిపాప యెదుట మెత్తబడుటను చూచినవారు, ఈయన కేవలము మాంత్రికుడు, రౌడీ కాదని గ్రహించిరి. ఆ సంవత్సరమే వచ్చిన మిస్సమ్మలో ఆయన సాధువైన జమీందారు. హాస్యచిత్రమున నలుగురు చురుకైన నటుల నడుమ కూర్చుండి, ఎదుటివారి మాటను శ్రద్ధగ వినుటయే తన అభినయముగ చేసికొనిన విధము అందు చూడదగినది. తన వంతు వచ్చువరకు మాత్రమే వేచియుండువాడు నటుడు కాడు. తనకు మాట లేనపుడు కూడ పాత్రగ వినుచుండువాడు నటుడు.

1957 మార్చి 27వ తేదీన విడుదలయైన మాయాబజారు తెలుగువారి ఇంటి ఆస్తి. దర్శకుడు కె. వి. రెడ్డిగారు చిత్రీకరణకు ముందే ప్రతి దృశ్యమును కాగితముపై స్థిరపరచుకొని, రిహార్సలులో గడియారము పట్టుకొని నిడివిని లెక్కగట్టు క్రమశిక్షణ కలవారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేగారు. ఇట్టి ఇరువురి నడుమ ఘటోత్కచుడుగ రంగారావుగారు నిలిచిరి. వివాహపు వంటకములను ఘటోత్కచుడు ఆరగించు దృశ్యమును మన పిల్లలు నేటికిని విడువక చూచుచున్నారు. పళ్ళెములు తమంతట ఖాళీయగుట, లడ్డూలు ఎగిరి నోటిలో పడుట చూచి నవ్వుకొందుము. ఆ నవ్వు వెనుక నటుని పని ఎట్టిదో యోచింతము. ఇట్టి మాయాదృశ్యములలో కెమెరాను ఆపి, వస్తువును మార్చి, మరల నడుపుచుందురు. ఆ ఆగిన వ్యవధిలో నటుడు తల వంచక, భుజము సడలింపక, కంటిచూపు చెదరనీయక ఉన్నచోటనే శిలవలె నుండవలెను. కెమెరా తిరిగి నడచిన క్షణమున ఆగిన చోటి నుండియే నవ్వు అందుకొనవలెను. పైగా ఆ పాట పాడిన గాత్రము మాధవపెద్ది సత్యంగారిది. పాటకు పెదవులు కదపిన చాలదు; గాయకుడు ఊపిరి తీసికొనిన చోట నటుని రొమ్ము పొంగవలెను, పై స్థాయికి పోయిన చోట మెడ నరము బిగియవలెను. సత్యంగారి గొంతు, రంగారావుగారి దేహము ఒక్కరివే యని జనులు నమ్మిరనిన అది ఇరువురి విజయము. ఆ చిత్రము తమిళమున కూడ తీయబడినది. రెండు భాషలలోను ఘటోత్కచుడు ఆయనయే. మద్రాసు బాల్యము ఇచ్చట అక్కరకు వచ్చినది.

ఈ చిత్రమున మరియొక విశేషము కలదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపము ధరించు ఘట్టములలో తెరపై కనుపించునది సావిత్రిగారు. సుకుమారియైన ఆ యువతి రంగారావుగారి నడకను, భుజముల విరుపును, కన్నుల మిటకరింపును తనవి చేసికొని, ఆడరూపమున దాగిన రాక్షసుని చూపించినది. ఒక నటుని అంగవిన్యాసము మరియొకరు అనుకరించిన వెంటనే అందరును గుర్తుపట్టిరనిన, ఆ మొదటి నటుడు తన పాత్రకు ఎంత నిర్దిష్టమైన రూపురేఖలు దిద్దియుండెనో ఊహింపవచ్చును. అస్పష్టమైన అభినయమును ఎవ్వరును అనుకరింపలేరు.

1963లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున నర్తనశాల వెలువడినది. అందు కీచకుడు రంగారావుగారు, సైరంధ్రి సావిత్రిగారు, బృహన్నల ఎన్. టి. రామారావుగారు, భీముడు సుప్రసిద్ధ బరువులెత్తు క్రీడాకారుడు దండమూడి రాజగోపాలుగారు. కీచకుడనిన వీధినాటకములలో కేకలు వేయు కాముకుడని అలవాటుపడిన జనులకు, ఆయన చూపిన కీచకుడు క్రొత్తవాడు. బలము తెలిసినవాని నిదానము, అధికారము తనదే యనువాని చిరునవ్వు, కోరిక అణచుకొనలేని కన్నుల చాంచల్యము: ఇవియే ఆ పాత్ర. చూచువానికి అసహ్యము కలుగవలెను. అయినను చూపు మరల్చుకొనరాదు. ఈ పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమ నటుడుగ ఆయనకు బహుమతి లభించినది. ఆ చిత్రపు కళాదర్శకుడు టి. వి. ఎస్. శర్మగారు కూడ అచ్చట సన్మానితులైరి. తెలుగు తెలియని పరదేశీయులు మాట వలన గాక ముఖము వలననే ఆ నటనను గ్రహించిరని గమనింపవలెను. ఇండోనేషియా సముద్రము మన నికోబారు దీవులకు దాపుననే యున్నది గావున, ఆ కీర్తి మన వాకిటనే మ్రోగినదని మనము గర్వించినను తప్పులేదు.

తరువాత దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, రావణుడు మున్నగు పౌరాణిక పాత్రలు పెక్కు వచ్చినవి. కిరీటము, హారములు, భుజకీర్తులు ధరించి మండు దీపముల క్రింద దినమంతయు నిలుచుట శరీరమునకు సామాన్యమైన పరీక్ష కాదు. అదే కాలమున సాంఘికములలో పంచెకట్టుతో, పై కండువాతో, ఇంటి పెద్దగ ఆయన తెలుగు తమిళ ప్రేక్షకులకు సొంత మనుష్యుడైపోయెను. 1967లో చదరంగము, 1968లో బాంధవ్యాలు అను చిత్రములకు తామే దర్శకత్వము వహించిరి. వానికి రాష్ట్ర ప్రభుత్వ నంది బహుమతులు వచ్చినవి. కథలు కూడ వ్రాసిరి. జనులు ఆయనకు విశ్వనటచక్రవర్తి యని బిరుదమిచ్చిరి.

మహనీయుల జీవితములు వ్రాయునపుడు మచ్చలను కప్పిపుచ్చుట ఉచితము కాదు. రంగారావుగారు సెట్టునకు సకాలమున రారనియు, కొన్ని దినములలో అసలే రారనియు, వ్యసనము ఆయన ఆరోగ్యమును కృశింపజేసెననియు సినీరంగమున మాటలు వినబడుచుండెడివి. తండ్రి మరణ దినములలో ఆలస్యము వలన ఒక పాత్రను పోగొట్టుకొనిన మనుష్యుడే కీర్తి వచ్చిన పిదప ఇతరులను నిరీక్షింపజేసెననుట విచారకరము. వచ్చిన దినమున ఆయన ఒక్క షాటులో పూర్తిచేయు పని ఇతరులకు పూట పట్టునని చెప్పి ఆ లోపమును మన్నించినవారును కలరు. కాని సెట్టు అనునది ఒక్కని సొత్తు కాదు. దీపములు మోయువాడు, మేకప్ చేయువాడు, చిన్న వేషమునకై ఉదయమే వచ్చి కూర్చుండిన పేదనటుడు, వీరందరి దినభత్యము ఒక ప్రముఖుని రాకపై ఆధారపడి యుండును. ప్రతిభ యెంత గొప్పదైనను, కాలనియమము కూడ నటుని విద్యలో భాగమే. ఆయన జీవితము నుండి నేర్చుకొనవలసిన పాఠములలో ఇదియు ఒకటి.

1973లో దాసరి నారాయణరావుగారి తొలి చిత్రము తాతా మనవడులో తాతగ ఆయన చూపిన అభినయము వయస్సు వలనగాక అనుభవము వలన పండినది. ఇరువదిరెండేండ్లనాడు కాకినాడలో అరువది యేండ్ల వృద్ధుడుగ నటించినవాడు, నిజమైన అరువది యేండ్లను చూడనేలేదు. హృద్రోగము ఆయనను పట్టుకొనినది. 1974 జూలై 18వ తేదీన, ఏబదియాఱవ జన్మదినము గడచి పక్షము దినములకే, మద్రాసులో రంగారావుగారు తుదిశ్వాస విడిచిరి. భారతీయ చలనచిత్రమునకు నూరేండ్లు నిండిన సందర్భమున 2013లో తపాలాశాఖ ప్రముఖుల స్మారకముగ వెలువరించిన బిళ్ళలలో ఆయన బిళ్ళయు కలదు. ఒకనాడు ప్రభుత్వోద్యోగమునకు రాజీనామా ఇచ్చినవాని ముఖము ప్రభుత్వపు తపాలాబిళ్ళపై నిలుచుట కాలము చేసిన చమత్కారము.

ఈ జీవితమును చదివి మనమందరము ఉద్యోగములు విడువవలెనని నా భావము కాదు. ఆయనయే మొదటి ఓటమి తరువాత ఇంటిని నిలుపుటకు మరల ఉద్యోగమున చేరలేదా? నేర్వదగినది వేరొకటి. జంషెడ్‌పూరులో లెక్కలు వ్రాయుచున్న దినములలోను సాయంకాలపు వేషమును ఆయన విడువలేదు. పిలుపు వచ్చిన దినమున సిద్ధముగ నుండుటకు అదియే కారణమైనది. చిన్న వేషము దొరకినపుడు దానిని చిన్నదిగ చూడలేదు. ఎదుటివారి మాటను విని నటించెను.

రాబోవు పండుగకు మన పిల్లలు సెల్‌ఫోనుతోనే ఒక చిన్న చిత్రమును తీయవలెనని ఉత్సాహపడుచున్నారు. దానిలో నాకును ఒక వేషము ఇచ్చెదమనిరి. ఈమారు గొంతు తగ్గించి, సుద్దగుర్తు వైపు చూడక ఆ గుర్తుపైననే ఆగి, ఎదుటి పిల్లవాని మాటను నిజముగ వినవలెనని నిశ్చయించుకొంటిని. ముఖ్యముగ, వారు చెప్పిన వేళకు అయిదు నిమిషములు ముందుగనే పోయి కూర్చుండెదను. నూజివీడు బాలుడు మనకు విడిచిపోయిన విద్యను ఈ సముద్రమధ్యమున ఇంతమాత్రమైనను నిలుపుకొనుట ఆ మహానటునికి మనము సమర్పింపగల నివాళి.